బడి ఎవరు ఊడ్చారు? వికారాబాద్ – తాండూరు బడుల ఆరోగ్య చరిత్ర

వికారాబాద్ నుంచి తాండూరుకు పోయే దారి సుమారు 40 కిలోమీటర్లు. దారి మొదట్లో అనంతగిరి గుట్టలు. మూసీ పుట్టేది ఇక్కడే. ఈ గుట్టల గాలి రొమ్ముకు మంచిదని 1946లో నిజాం ప్రభుత్వం ఇక్కడ క్షయరోగుల శానిటోరియం పెట్టింది. దారి చివర తాండూరు. అక్కడ రోడ్డుకు రెండు దిక్కులా నాపబండల గుట్టలు, బండలు కోసే మిషన్లు, పాలిష్ యూనిట్లు. చెట్ల ఆకుల మీద, అంగళ్ల రేకుల మీద, బడి కిటికీ చువ్వల మీద తెల్లటి పొడి. 1978 నుంచి ఈ రెండు ఊర్లూ రంగారెడ్డి జిల్లాలో ఉన్నయ్, 2016 అక్టోబర్ 11 నుంచి వికారాబాద్ జిల్లాలో ఉన్నయ్. ఒకే జిల్లాలో ఒక కొసన గాలి మందు, ఇంకో కొసన గాలే జబ్బు. ఈ రెండు కొసల నడుమ వందల బడులున్నయ్. వాటిలో చదివేది ఎక్కువగా మన పిల్లలే.

మన విద్యా చరిత్రలు చాలా వరకు బడి ఎవరు పెట్టారు, ఎవరు చదివారు, ఎవరిని రానియ్యలేదు అనే ప్రశ్నల దగ్గర ఆగిపోయాయి. అవి అవసరమైన ప్రశ్నలే. కానీ బడిలోకి అడుగుపెట్టినంక ఏం జరిగింది? ఏ గాలి పీల్చారు, ఏ కుండలో నీళ్లు తాగారు, పొద్దున్నే బడి ఊడ్చిందెవరు, దొడ్డి కడిగిందెవరు? వీటిని చరిత్ర అనుకోలేదు. 'పాఠశాల పర్యావరణం' అనంగానే మొక్కలు నాటే కార్యక్రమం, సారు చేతిలో పార, పక్కన ఫొటోగ్రాఫర్ కనబడతారు. మొక్కల మీద మాకు కోపం లేదు. ఆ మొక్కకు ఎండాకాలం నీళ్లు మోసేదెవరని అడిగితే మాత్రం జవాబు వెలివాడ దాకా పోతుంది. మా లెక్కలో బడి ఆరోగ్యం ముందు కులం సంగతి. కట్టడం సంగతి ఆ తర్వాత.

కొంచెం వెనక్కి పోదాం. 1856లో ధార్వాడలో ఒక మహర్ పిల్లవాడు సర్కారు బడిలో చేర్చుకోమని అర్జీ పెట్టుకున్నాడు. ఒక్కడి కోసం మిగతా అందరూ బడి మానేసే పరిస్థితి తెచ్చుకోలేమని బొంబాయి ప్రభుత్వం తేల్చింది. ఆ పిల్లవాడు వస్తే బడి 'పాడవుతుంది' అన్నది దాని వెనకున్న భావం. గమనించండి, మన దేశంలో బడి శుభ్రత గురించి జరిగిన తొలి వాదాల్లో ఒకటి చెత్త గురించి కాదు, ఒక పిల్లవాడి గురించి. ఆ తర్వాత యాభై ఏళ్ల లోపే సతారాలో భీమ్‌రావు ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్ట మీద కూర్చున్నాడు. దప్పికైతే ప్యూను పైనుంచి పోసినప్పుడే నీళ్లు, ప్యూను రాకుంటే నీళ్లు లేవు. ఆ బడిలో నీళ్లు లేక కాదు. ఉన్నయ్. 'తాగునీటి సౌకర్యం కలదు' అని ఇయ్యాల ఫారంలో టిక్కు పెట్టే ఆఫీసరు ఆ బడికి పోయినా టిక్కే పెట్టేవాడు.

జ్యోతిరావ్ ఫూలే 1848లో బడి పెట్టి, 1868లో తన ఇంటి నీళ్ల హౌజును అంటరానివాళ్లకు తెరిచాడు. బడీ నీళ్లూ వేర్వేరు కావని ఆయనకు తెలుసు. మన దగ్గర కారంచేడు కూడా తాగే నీళ్ల దగ్గరే మొదలైంది. 1985 జూలైలో తాము తాగే చెరువులో పశువుల కుడితి బకెట్టు కడగొద్దని అడిగినందుకు మాదిగపల్లె మీద పడ్డారు. నీళ్లు పాడు చెయ్యొద్దన్నదే అక్కడ నేరమైంది.

హైదరాబాద్ రాజ్యంలో మనవాళ్ల బడుల చరిత్ర భాగ్యరెడ్డివర్మతో మొదలుపెట్టాలి. 1906లో జగన్మిత్ర మండలి పెట్టిన ఆయన 1910లో ఇసామియా బజారులో బడి తెరిచాడు. 1930ల నాటికి ఆ బడులు ఇరవై దాటాయి, వాటిని నిజాం ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంది. అవన్నీ పట్నంలో. వికారాబాద్ దిక్కు ఆ పని చేసింది ఎక్కువగా మెథడిస్టు మిషన్. 1874లో వాడి – సికింద్రాబాద్ రైలు మార్గం పడ్డంక తాండూరు, వికారాబాద్ రెండూ ఆ దారి మీది స్టేషన్లయ్యాయి. రైలెంబడి మిషనరీలు వచ్చారు. వికారాబాద్‌లో మేరీ నాట్స్ పేరున ఆడపిల్లల బడి, హాస్టలు, ఒక ఆసుపత్రి వెలిశాయి. ఈ రెండు ఊర్ల నడుమ ఉన్న ధారూరులో 1923లో మొదలైన క్రైస్తవ జాతర ఇప్పటికీ ఏటా నవంబరులో జరుగుతుంది. ఆ జాతరకు బండ్లు కట్టుకొని వచ్చినోళ్లలో ఎక్కువమంది ఈ చుట్టుపక్కల మాదిగ కుటుంబాలే.

మిషన్ బడిని మేము రెండు కళ్లతో చూస్తున్నం. ఒక కంటికి అది మా అమ్మమ్మలకు మొదటిసారి పలక ఇచ్చిన చోటు. మంచంలో పడ్డ మనిషిని ముట్టుకొని నాడి చూసిన చోటు. ఆ మేలు మరువలేనిది. ఇంకో కంటికి మిషనరీల రాతల్లో పదే పదే వచ్చే 'మురికి' కనబడుతుంది. పిల్లలు మురికిగా వచ్చారు, సబ్బు ఇచ్చినం, తల దువ్వినం, ఇప్పుడు చూడండి అనే కథ అది. మురికి పిల్లల ఒంటి గుణం అన్నట్టే రాశారు. చచ్చిన గొడ్డును లాగే పని వాళ్ల తండ్రి నెత్తిన ఎవరు పెట్టారు, వాళ్ల వాడను ఊరి మురికినీళ్లు పారే దిక్కున ఎవరు పెట్టారు, ఊరబాయి దగ్గరికి ఎవరు రానియ్యలేదు అనే మాటలకు ఆ కథలో చోటు తక్కువ. సబ్బుకు ముందు బాయి కావాలి గదా! ఈ పద్ధతి మిషన్‌తో పోలేదు. 'వ్యక్తిగత పరిశుభ్రత' అనే పాఠంగా మన వాచకాల్లోకి వచ్చింది. గోళ్లు తీసుకోవాలి, రోజూ స్నానం చెయ్యాలి. నీళ్లు ఎక్కడివని పాఠం అడగదు.

ఇక చీపురు సంగతి. తెలంగాణ ఊర్లలో వెట్టి అంటే ఏమిటో కొత్తగా చెప్పనక్కర లేదు. చావడి ఊడ్చుడు, ఊరికి వచ్చిన అధికారికి గుడారం కాడ కట్టెలూ నీళ్లూ మోసుడు, డప్పు చాటింపు, చెప్పులు కుట్టిచ్చుడు. ఊర్లోకి సర్కారు బడి వచ్చినప్పుడు, అది చాలా చోట్ల చావడిలోనో గుడి అరుగు మీదనో మొదలైంది. చావడి ఊడ్చే మనిషే బడీ ఊడ్చింది. ఆ పనికి ఆర్డరు లేదు, జీతం లేదు, పేరు లేదు. వెట్టి చట్టంలో రద్దయింది, బడి వాకిట్లో మిగిలింది.

మాలో కొందరం ఈ ప్రాంతపు సర్కారు బడుల్లోనే చదివినం. ఏ బడి అనేది ఇక్కడ అవసరం లేదు, ఎందుకంటే అది ఒక్క బడి కథ కాదు. పొద్దున ప్రార్థనకు ముందు ఊడ్చే వంతులుండేవి. పేరుకు అందరికీ వంతు. గది ఊడ్చే వంతు అందరికీ వచ్చేది, దొడ్డి దిక్కు పని మాత్రం కొన్ని పేర్లకే వచ్చేది. సారు కులం పేరు పెట్టి పిలిచింది లేదు. "నువ్వు రా, నువ్వు రా" అని వేలు చూపేవాడు. వేలు తప్పేది కాదు. తాగే నీళ్లు తెచ్చే పని దానికి తలకిందులు: ఆ బిందె ముట్టుకొమ్మని మమ్మల్ని ఎన్నడూ పిలవలేదు. చిన్నప్పుడు అది తేలిక పని తప్పినట్టు అనిపించి సంతోషపడ్డం కూడా. ఆ సంతోషం గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తది.

హాస్టలు ఇంకో అధ్యాయం. సాంఘిక సంక్షేమ హాస్టళ్లు లేకుంటే ఈ పత్రికలో రాసేవాళ్లలో సగం మందిమి ఉండకపోదుము. 1980ల నడుమ ఎస్.ఆర్. శంకరన్ వంటి అధికారుల పట్టుదలతో గురుకులాలూ వచ్చాయి. కానీ హాస్టలంటే మాకు ముందు గుర్తొచ్చేది గజ్జి. వేళ్ల సందుల్లో, నడుం చుట్టూ. రాత్రి దురద, పొద్దున తెల్లటి మందు నీళ్లు ఒంటికి పూసి ఎండలో నిలబెట్టుడు. ఒక గదిలో యాభై ట్రంకుపెట్టెలు, యాభై చాపలు, ఒక్కొక్క దుప్పటి కింద ఇద్దరు. గజ్జి పురుగు మనిషి ఒంటి నుంచి ఒంటికి పాకుతుంది, అందుకే పడకకూ పడకకూ నడుమ జాగా కావాలి, బట్టలూ దుప్పట్లూ అందరివీ ఒకే రోజు ఉడకబెట్టాలి, మందు అందరికీ ఒకేసారి పూయాలి. ఇది పెద్ద వైద్య శాస్త్రం కాదు. జాగా, నీళ్లు, కట్టెలు ఉంటే పోయే జబ్బు అది. అవి ఉండవు కాబట్టి 'హాస్టల్ పిల్లల జబ్బు' అయింది, అంటే మళ్లీ మా గుణమే అయింది. పైకప్పు సిమెంటు రేకులైతే ఎండాకాలం మధ్యాహ్నం గదిలో ఉండలేం. ఆ రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుందని, అది పగిలినా రంధ్రం వేసినా లేచే సన్నని నార ఊపిరితిత్తులకు క్యాన్సర్ తెచ్చేదని అప్పుడు మాకు తెలియదు. పరిశ్రమలో దాంతో పనిచేసేవాళ్ల ఆరోగ్యం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. ఆ రేకుల కింద పడుకునే పిల్లలకు, వంట చేసే ఆయమ్మకు ఆ మాట ఎప్పుడు వర్తిస్తుందో?

చట్టాలు తక్కువేం లేవు. 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ వచ్చింది: బడికి రెండు గదులు, ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేరుగా మరుగుదొడ్లు. 2004 జూలై 16న కుంభకోణంలో బడి పైకప్పు అంటుకొని 94 మంది పిల్లలు కాలిపోయినంక, 2009లో సుప్రీంకోర్టు భద్రమైన బడిలో చదువుకోవడం పిల్లల హక్కే అంది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం తన షెడ్యూలులో టీచరుకొక గది, వేరు వేరు మరుగుదొడ్లు, సురక్షితమైన తాగునీరు, వంటగది, ఆటస్థలం, ప్రహరీ అన్నీ రాసింది. 2012 అక్టోబరులో మళ్లీ సుప్రీంకోర్టు ఆరు నెలల్లో ప్రతి బడిలో మరుగుదొడ్లు, నీళ్లు ఉండాలంది. తెలంగాణలో 2022లో 'మన ఊరు – మన బడి' మొదలైంది.

ఆ షెడ్యూలును మళ్లీ ఒకసారి చదవండి. ఎంతమంది పిల్లలకు ఎంతమంది టీచర్లో ఉంది. మరుగుదొడ్డి ఉంది. దాన్ని కడిగే మనిషి లేదు. 1993లో ఒకసారి, 2013లో ఇంకోసారి మనిషి మలాన్ని మనిషి ఎత్తకూడదని చట్టం చేసిన పార్లమెంటే, ఆ రెండింటి నడుమ లక్షల బడుల్లో దొడ్లు కట్టమని చట్టం చేసి, కడిగే పని ఎవరిదో రాయడం మరిచింది. ఇది మరుపేనా? ఈ దేశంలో ఆ పని ఎవరు చేస్తారో రాయకున్నా అందరికీ తెలుసు, అందుకే రాయలేదని మా అనుమానం.

రాయని చోట ఏం జరుగుతుందో తెలంగాణ బడులే చెబుతాయి. కొన్నేళ్లు నెలకు రెండున్నర వేలకు పారిశుధ్య పనివాళ్లను పెట్టారు. కరోనా వచ్చినంక వాళ్లను ఆపేశారు. బడులు తిరిగి తెరిచినప్పుడు ఆ పని గ్రామపంచాయతీ కార్మికుల మీద పెట్టారు. 2019లో 8,500 రూపాయలు చేసిన జీతానికి ఊరి మోరీలు, చెత్త ట్రాక్టరు, నర్సరీ మొక్కలు, వాటి మీద బడి. ఆమెకో ఆయనకో తీరిక దొరికిన రోజు బడి కడిగారు, దొరకని రోజు తాళం. 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల ద్వారా పిల్లల సంఖ్యను బట్టి నెలకు 3,000 నుంచి 20,000 రూపాయల దాకా ఇయ్యడం మొదలుపెట్టారు. ఏమీ లేనిదానికన్నా ఇది నయమే. కానీ ముప్పై మంది లోపు పిల్లలున్న బడిలో ఆ 3,000ను రోజులకు పంచి చూస్తే వంద రూపాయలు. ఆ వందలో గదులు ఊడ్చాలి, దొడ్లు కడగాలి, మొక్కలకు నీళ్లు పట్టాలి. వంద రూపాయలకు ఎవరు వస్తారు? ఏ వాడ నుంచి వస్తారు?

డబ్బు రాకపోతే పిల్లలే. 2023 డిసెంబరులో కర్ణాటకలో కోలారు జిల్లా మాలూరు తాలూకాలోని ఒక సర్కారు వసతి పాఠశాలలో దళిత పిల్లలను సెప్టిక్ గుంతలోకి దింపి శుభ్రం చేయించారు. కేసులు పెట్టారు, అరెస్టులు చేశారు. అక్కడ దింపింది గుంతలోకి, మా బడిలో చూపించింది వేలు. రెండింటికీ చుట్టరికం ఉంది.

బడి సిబ్బంది అంటే టీచర్లే అనుకుంటారు. టీచర్ల కష్టం మేము కాదనం. తాళం పడ్డ దొడ్డి వల్ల సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా పాఠాలు చెప్పే పంతులమ్మలు ఎందరో మాకు తెలుసు. ఆ అలవాటు తెచ్చే మూత్రపు జబ్బులూ తెలుసు. అయితే వంట చేసే ఆయమ్మ కూడా సిబ్బందే. 2001 నవంబరు 28 నాటి సుప్రీంకోర్టు ఆదేశం తర్వాత, 2003 జనవరి నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్నం వండిన అన్నం పెడుతున్నారు. 2004 ఏప్రిల్‌లో అదే కోర్టు, వంటపనిలో దళితులకు ప్రాధాన్యం ఇవ్వమంది. దొడ్డి కడిగే పనికి ఎవరూ కోర్టుకు పోలేదు గాని, వండే పనికి మన ఆడోళ్లను పెడితే మాత్రం ఊర్లు కదిలాయి. సుఖదేవ్ థోరాట్, జోయెల్ లీ ఆంధ్రప్రదేశ్‌తో సహా అయిదు రాష్ట్రాల్లో, 531 ఊర్ల సర్వే ఆధారంగా 2005లో ఇదే రాశారు: దళిత స్త్రీ వండితే తినమనడం, వేరే పంక్తి, వేరే చోటు. వంటామె ఆరోగ్యం దాకా చర్చ రానే రాలేదు. మూడు రాళ్ల పొయ్యి, పచ్చి కట్టెలు, రేకుల కొట్టంలో పొగ. ఏళ్ల తరబడి నెలకు వెయ్యి రూపాయలు, 2023లో మూడు వేలకు పెంచుతూ తెలంగాణలో ఉత్తర్వు. పిల్లలకు వాంతులైతే మొదటి నింద ఆమె మీద. పురుగుల బియ్యం పంపింది ఆమె కాదు.

తాండూరుకు వస్తాం. ఇక్కడి రాయి పొరలు పొరలుగా ఉండే సున్నపురాయి, దాంట్లో కొంత సిలికా ఉంటుంది. పక్కనే కర్ణాటకలోని షాబాద్ పేరు మీద షాబాద్ బండలని, తాండూరు బండలని రైలెక్కి దేశమంతా పోయాయి. తెలంగాణ బడుల్లో మేము కూర్చున్న నేల ఇదే. చల్లగా, నీలంగా, అంచులు అరిగి. దాని మీద బలపంతో రాస్తే చెరిపే దాకా ఉండేది. ఆ బండను గనిలో గడ్డపారతో పొర విడదీసింది ఎక్కువగా దళితులు, వెనుకబడ్డ కులాలవాళ్లు, కరువు జిల్లాల నుంచి వలసొచ్చిన కుటుంబాలు. వాళ్లెంబడి పిల్లలు. రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి ఎం.వి. ఫౌండేషన్, బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాల కార్మికుడేనన్న లెక్కతో పిల్లలను పనుల్లోంచి శిబిరాలకు, అక్కడి నుంచి బడులకు తెచ్చింది. గనిలో పని చేసే పిల్లకు బడి భద్రమైన చోటు. అందులో అనుమానం లేదు. మరి బడి గనికి ఎంత దూరంలో ఉంది?

బండను కోసేటప్పుడు, పాలిష్ పట్టేటప్పుడు నీళ్లు పోస్తారు. పొడి నీళ్లలో కలిసి తెల్లటి బురదవుతుంది. ఆ బురదను యూనిట్ పక్క ఖాళీ జాగాలో, రోడ్డు వారన పారబోస్తే రెండు దినాల్లో ఎండుతుంది. తర్వాత లారీ పోయినప్పుడల్లా లేస్తుంది. 1980ల నుంచి సిమెంటు ఫ్యాక్టరీలూ వచ్చినయ్, వాటి లారీలూ ఆ రోడ్ల మీదే. పెద్ద ఇసుక రేణువు ముక్కులో ఆగుతుంది. కంటికి కనబడని సన్న పొడి ఊపిరితిత్తుల అడుగు దాకా పోతుంది. సిలికా పొడిని ఏళ్లు పీల్చిన ఊపిరితిత్తి గట్టిపడుతుంది, క్షయ దానికి తేలిగ్గా అంటుకుంటుంది. అనంతగిరి శానిటోరియానికీ తాండూరు గనికీ ఉన్న సంబంధం ఇది. 1950ల చివర మద్రాసులో జరిగిన అధ్యయనం, మందులు సరిగ్గా వేసుకుంటే ఇంట్లోనే క్షయ నయమవుతుందని తేల్చింది, కొండ గాలికి ఉన్న మహిమ కొంత తగ్గింది. గని గాలికి ఉన్న మహిమ తగ్గలేదు.

2009 జాతీయ ప్రమాణాల ప్రకారం సన్న ధూళి, అంటే పీఎం 2.5, ఘనపు మీటరు గాలిలో రోజు సగటున 60 మైక్రోగ్రాములు దాటొద్దు. ఏ బడి గదిలోనైనా ఎవరైనా దాన్ని కొలిచే మిషను పెట్టారా? చట్టం గీతలు గీసిన తీరు చూడండి. బడికి 100 గజాల లోపల సిగరెట్లు అమ్మొద్దని 2003 చట్టం. 100 మీటర్ల లోపల హారన్ కొట్టొద్దని 2000 నాటి శబ్ద నిబంధనలు. అవి మంచి గీతలే, చిన్న పిల్లగాడికి కూడా గుర్తుంటయ్. ఎండిన బురదకు అట్లా గుర్తుండే గీత బడి గోడ మీద రాసి మేము చూడలేదు. చెయ్యాల్సింది తెలియక కాదు. బురదను తడి ఆరకముందే కట్టిన గుంతలోకి ఎత్తాలి, లారీ మీద పట్టా కప్పాలి, బడి ముందటి రోడ్డు తడపాలి, బడి రోడ్డు దిక్కు కిటికీలకు బదులు వెనక దిక్కు పెద్ద కిటికీలు పెట్టాలి, గదిని పొడి చీపురుతో కాక తడి గుడ్డతో తుడవాలి.

ఈ చివరి మాట దగ్గరే మేము ఆగిపోయినం. తాండూరు దగ్గర ఒక బడికి మార్చి నెలలో, ఒంటిపూట బడి రోజుల్లో, పొద్దున్నే పోయినం. పిల్లలు ఇంకా రాలేదు. ఒకామె కొంగు ముక్కుకు కట్టుకొని పొడి చీపురుతో గది ఊడుస్తున్నది. కిటికీలోంచి పడుతున్న ఎండలో ఆ దుమ్ము మొత్తం లేచి ఆమె చుట్టూ తిరుగుతున్నది. తడి గుడ్డ పెట్టొచ్చు గదా అమ్మా అన్నం. బోరు చెడిపోయి నీళ్లు లేవంది. నాలుగు గదులు, వరండా, ఆ తర్వాత దొడ్డి. ఎనిమిదింటికి గంట కొట్టేసరికి ఆమె పంచాయతీ పనికి పోయింది, దుమ్ము మెల్లగా దిగి బెంచీల మీద కూర్చుంది. ఆఫీసు గదిలో గోడకు సిబ్బంది పేర్ల పట్టిక ఉంది. ప్రధానోపాధ్యాయుడి నుంచి వంట ఏజెన్సీ దాకా తొమ్మిది పేర్లు. ఆమె పేరు అందులో లేదు.